తల్లితనము, స్త్రీవాదము: 'తరువాత' అను మాట కథ

స్త్రీవాదమును గూర్చి భారతీయ భాషలలో జరుగు చర్చలయందు ఒక ఆక్షేపణ తరచుగా వినవచ్చును. స్త్రీవాదులు తల్లితనమును నిరాకరించుచున్నారనియు, బిడ్డను సాకవలెనను కోరికను దాస్యచిహ్నముగా భావించుచున్నారనియు దాని సారాంశము. దీనికి మారుగా, మాతృత్వము పురుషస్వామ్యము కల్పించిన భ్రమయే యని త్రోసిపుచ్చువారును లేకపోలేదు. ఈ రెండు మాటలును చరిత్రకు దూరములు. ఆంగ్లదేశమున వివాహిత స్త్రీలు శాసనసభ ద్వారా సాధించుకొన్న తొలి హక్కులలో ముఖ్యమైనది ఓటు కాదు, ఆస్తియు కాదు. కన్నబిడ్డలను తమ యొద్ద ఉంచుకొను అవకాశము. మన దేశమున అదే వివాదము చట్టములోని ఒక చిన్న మాటకు అర్థమేమి యను ప్రశ్నగా మారి సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయినది. ఆ మాట 'తరువాత'. భాషాధ్యయనపరులకు దాని కథ అప్రస్తుతము కాదని తలచి ఈ వ్యాసమున వివరించుచున్నాను.

ముందుగా పరిభాషను గూర్చి కొంత చెప్పవలసియున్నది. సంతానము కావలెనను కోరిక వేరు, కనుట వేరు, కన్నదానిని దగ్గర నుంచుకొని పెంచవలెనను కోరిక వేరు. మన వాఙ్మయమున మొదటిది విరివిగా కనిపించును. అయితే అది ఎక్కువగా పురుషుని కోరిక. పుత్రకామేష్టి దశరథునిది, పున్నామనరకభీతియు పురుషునిదే. రెండవదానికి తెనుగున 'కను' ధాతువు కలదు. అది తల్లిదండ్రు లిరువురికిని చెల్లును. కన్నతల్లి, కన్నతండ్రి అనుటలో భాష భేదము పాటింపదు. మూడవదానికి 'పెంచు', 'సాకు' అను ధాతువులున్నవి గాని అవి దాదికిని, పెంపుడు తల్లికిని, కుక్కను పెంచువానికిని సమానముగా వర్తించును. తల్లి అను నామవాచకము నుండి తల్లి చేయు పనిని తెలుపు క్రియ మన భాషలో పుట్టలేదు. తల్లి హృదయమును తెలుపు మాటలలో మిక్కిలి చక్కనిది 'కడుపుతీపి'. అయినను అది కూడ ఆమెకు కలుగునదే గాని, ఆమె కోరునది కాదు. కడుపుతీపిని చూచి జాలిపడవచ్చును, మెచ్చుకొనవచ్చును. దానిని హక్కుగా అడుగుటకు తగిన మాటను మాత్రము మనము సంపాదించుకొనలేదు.

దీనికి వెనుక ఒక ధర్మశాస్త్రదృష్టి కలదు. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయము క్షేత్రబీజన్యాయమును చర్చించును. స్త్రీ పొలము, పురుషుడు విత్తనము. పంట ఎవరిదన్నదే అక్కడి ప్రశ్న. భారతమున శకుంతలోపాఖ్యానములో శకుంతల పక్షమున పలికిన అశరీరవాణి సైతము తల్లిని తోలుతిత్తిగా నెంచి, పుత్రుని తండ్రి వానిగా నిరూపించును. ఆమెకు న్యాయము జరుగుటకు ఆమె లెక్కలో లేకుండ పోవలసి వచ్చినది! కుంతి కథ ఇంకను కఠినము. కర్ణుని ఏటిలో విడుచుట ఆమె కోరిక కాదు. కోరికకు చోటు లేకపోవుటయే ఆ కథ.

ఇక ఆంగ్లదేశపు ఉదంతము. కరోలిన్ నార్టన్ 1808లో జన్మించినది. నాటకకర్త షెరిడన్‌కు పౌత్రి. కవయిత్రిగను నవలారచయిత్రిగను పేరు గడించినది. 1827లో జార్జి నార్టన్ అను న్యాయవాదిని వివాహమాడెను. భర్త ఆమెను కొట్టుచుండెడివాడు. 1836లో దంపతులు విడిపోయిరి. ఆనాటి ప్రధానమంత్రి మెల్బోర్న్ ప్రభువుతో భార్యకు అక్రమసంబంధము కలదని జార్జి దావా వేయగా, జ్యూరీవారు దానిని అంగీకరింపలేదు. ఆమెపై నింద నిలువకపోయినను ముగ్గురు కుమారులును తండ్రి వశముననే ఉండిపోయిరి. ఆనాటి ఆంగ్ల న్యాయము ప్రకారము వివాహమువలన కలిగిన సంతానము తండ్రిది. పాలు త్రాగు శిశువునైనను తల్లి యొడినుండి తీసికొనిపోవుటకు అతనికి అధికారము కలదు. 1804లో ఒక వ్యాజ్యమున ఎనిమిది నెలల పసిబిడ్డను న్యాయస్థానము ఇట్లే తండ్రి యొద్దనే ఉండనిచ్చినది.

కరోలిన్‌కు మిగిలిన ఆయుధము కలము. తల్లికి బిడ్డలపై గల సహజాధికారమును గూర్చి 1837లో ఒక చిన్న పుస్తకమును అచ్చువేయించెను. 1839లో ఒక పురుషుని మారుపేరుతో లార్డ్ ఛాన్సలర్‌నకు బహిరంగలేఖ ప్రకటించెను. టాల్ఫర్డ్ అను పార్లమెంటు సభ్యుడు బిల్లును ప్రవేశపెట్టెను. 1839లో అది చట్టమైనది. ఏడేండ్ల లోపు బిడ్డలను తమ యొద్ద నుంచుకొనుటకును, అంతకు పైబడినవారిని చూచుటకును తల్లులు న్యాయస్థానమును అర్థింపవచ్చును. వ్యభిచారదోషము నిరూపితమైన తల్లులకు మాత్రము ఆ అవకాశము లేదు. ఇంతచేసి ఆ చట్టము కరోలిన్‌కే అక్కరకు రాలేదు. అది స్కాట్లండునకు వర్తింపదు. భర్త బిడ్డలను స్కాట్లండునకు పంపియుండెను. 1842లో కడగొట్టు కుమారుడు గుఱ్ఱముపైనుండి పడి, ఆ గాయము విషమించి మరణించెను. కబురందుకొని తల్లి చేరునప్పటికి బిడ్డ ప్రాణము పోయియుండెను.

ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. తాను స్త్రీపురుషుల సమానత్వమును కోరుటలేదని కరోలిన్ నార్టన్ స్పష్టముగా వ్రాసెను. ఆమె అడిగినది రక్షణ. కాని ఆ అభ్యర్థన వలననే, కుటుంబములో తండ్రికి గల నిరంకుశాధికారమునకు శాసనము ద్వారా తొలి గండి పడినది. 1848లో అమెరికాలో సెనెకాఫాల్స్ సభవారు ప్రకటించిన ఫిర్యాదులలో బిడ్డల సంరక్షకత్వమునకు సంబంధించినదియు ఉన్నది. ఆంగ్లదేశమున 1873లో ఏడేండ్ల పరిమితి పదునారేండ్లకు పెరిగినది. 1886లో తండ్రి మరణించినచో తల్లి సంరక్షకురాలగుటకు వీలు కలిగినది. తల్లిదండ్రులకు సమానాధికారము 1973లో గాని రాలేదు. మొదటి చట్టమునకును దీనికిని నడుమ 134 సంవత్సరములు. తల్లితనము స్త్రీని బంధించుటకే పుట్టినదనువారు ఈ లెక్కను ఒకసారి చూడవలెను. చట్టము ఆమెను బిడ్డకు కట్టివేయలేదు. బిడ్డ చేయవలసిన చాకిరికి మాత్రమే కట్టివేసి, బిడ్డను మరియొకరికి వ్రాసియిచ్చినది.

అయితే తల్లిని ముందు నిలిపిన చట్టములును లేకపోలేదు. ఎక్కడ నిలిపినవో చూచినచో విషయము తేటపడును. వివాహము లేక పుట్టిన బిడ్డ ఆంగ్ల న్యాయమున ఎవరికిని చెందడు. 1834 నాటి పేదల చట్టము అట్టి బిడ్డ పోషణభారమును తల్లిపై మోపినది. అమెరికాలోని వర్జీనియాలో 1662లో చేసిన శాసనము ప్రకారము బిడ్డ స్వేచ్ఛాపరుడా, బానిసయా అనునది తల్లి స్థితినిబట్టి నిర్ణయమగును. బానిస స్త్రీకి యజమాని వలన కలిగిన బిడ్డయు బానిసయే అగును. వంశము, ఆస్తి, గౌరవము సంక్రమించుచోట బిడ్డ తండ్రిది; అవమానము, దాస్యము సంక్రమించుచోట తల్లిది. మన 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టమునందును ఈ ఛాయ కనబడును. ఆరవ విభాగము వివాహజనిత సంతానమునకు తండ్రిని, అతని తరువాత తల్లిని సహజ సంరక్షకులుగా పేర్కొనును. అవివాహిత సంతానమునకు ముందు తల్లిని, ఆమె తరువాత తండ్రిని పేర్కొనును.

బానిసత్వపు కాలమున బిడ్డను పెంచవలెనను కోరిక ఎట్టి రూపము దాల్చినదో హారియట్ జేకబ్స్ జీవితమును బట్టి తెలియును. ఉత్తర కరోలినాకు చెందిన ఈ స్త్రీ యజమాని బాధ పడలేక పారిపోయెను. పారిపోయి చాలదూరము పోలేదు. తన మాతామహి యింటి కప్పు క్రింద, నిలువబడుటకు వీలులేని అటకలో దాదాపు ఏడేండ్లు దాగియుండెను. ఆ చీకటి గూటికి తానే తొలుచుకొన్న చిన్న రంధ్రముగుండ వీధిలో ఆడుకొను తన బిడ్డలను చూచుచుండెను. బిడ్డలకు తల్లి అక్కడ నున్నట్లు తెలియదు. ఈ వృత్తాంతమును ఆమెయే 1861లో గ్రంథముగా వెలువరించినది. తల్లితనము స్వేచ్ఛకు విరోధియా, కాదా అను ప్రశ్న ఆ అటకలో అర్థము లేనిదగును. ఆమెకు బిడ్డలతో నుండుటయే స్వేచ్ఛ.

మరి ఇరువదవ శతాబ్దపు స్త్రీవాదమునకు తల్లితనముపై అనుమానమేల కలిగినది? కారణము స్పష్టమే. 1938లో జర్మనీ నాజీ ప్రభుత్వము బహుసంతానవతులైన తల్లులకు శిలువ పతకములు ప్రవేశపెట్టెను. జర్మనీకి లోబడిన ఫ్రాన్సులో విషీ ప్రభుత్వము మాతృదినోత్సవములు జరిపించుచునే, గర్భస్రావములు చేసిన ఒక స్త్రీని 1943లో శిరచ్ఛేదము చేయించెను. సిమోన్ ద బోవ్వార్ 1949లో తన ప్రసిద్ధగ్రంథమున మాతృత్వముపై అంత కటువుగా వ్రాయుటకు ఈ నేపథ్యమును మరువరాదు. రాజ్యము తల్లులను పొగడుచున్నప్పుడు స్త్రీలు ఉలికిపడుట సహజము. 1970లో షులమిత్ ఫైర్‌స్టోన్ అను అమెరికను రచయిత్రి మరి కొంతదూరము పోయి, గర్భధారణమునే యంత్రములకు అప్పగింపవలెనని వాదించినది. స్త్రీవాదమంతయు ఇదియే యని విమర్శకులు ఉదాహరించునది తరచు ఈ గ్రంథమునే.

ఆ చిక్కుముడిని విప్పినది కవయిత్రి ఏడ్రియన్ రిచ్. ముగ్గురు కుమారుల తల్లియైన ఆమె 1976లో ప్రకటించిన గ్రంథమున తల్లితనమును రెండుగా విభజించినది: స్త్రీ అనుభవించునది ఒకటి, వ్యవస్థ విధించునది ఒకటి. ఆమె నిరసన రెండవదానిపైననే. బిడ్డలపై తనకు గల్గిన అపారమైన ప్రేమను, అంతే తీవ్రమైన కోపమును ఆమె దాచలేదు. ఈ విభజన చూడ సులభము. కాని దీనికి ముందు ప్రేమను చెప్పినవారు వ్యవస్థను సమర్థించినట్లును, వ్యవస్థను నిందించినవారు ప్రేమను కాదన్నట్లును లోకము భావించుచుండెను. 1984లో బెల్ హుక్స్ మరియొక మాట చేర్చినది. నల్లజాతి స్త్రీల నడిగియుండినచో తమ స్వేచ్ఛకు తల్లితనము అడ్డమని వారు చెప్పియుండరనియు, జాతివివక్ష, నిరుద్యోగము, విద్యాలోపము మొదలైనవానిని ముందు చెప్పియుందురనియు ఆమె వాదము. తరతరములుగా ఇతరుల యిండ్లలో పనిచేసినవారికి తమ యింట తమ బిడ్డలతో గడుపుట భారముగా గాక భాగ్యముగా తోచెను.

2004లో డాఫ్నీ ద మార్నెఫ్ అను అమెరికను మనస్తత్త్వవేత్త ఈ కోరికనే వస్తువుగా గైకొని ఒక గ్రంథము వ్రాసినది. బిడ్డ సంరక్షణను స్త్రీ త్యాగముగనో, విధిగనో, బలహీనతగనో వర్ణించుటకు లోకము అలవాటుపడినది. అది ఆమె కోరిక యని, అందు ఆమెకు ఆనందమును ఆత్మవికాసమును కలవని చెప్పుటకు మాత్రము సంకోచించుచున్నది, అని ఆమె అభిప్రాయము. లైంగికవాంఛను బాహాటముగా చెప్పుట నేర్చిన స్త్రీ ఈ వాంఛను చెప్పుటకు సిగ్గుపడుచున్నదని ఆమె ఎత్తిచూపినది. ఈ పరిశీలన విలువగలది. అయితే కోరికను నెరవేర్చుకొను స్తోమతు గలవారి అనుభవమే ఇందెక్కువగా ప్రతిబింబించుచున్నదని నాకు తోచుచున్నది. బిడ్డతో నుండుటకు తీరిక కావలెను. తీరికకు డబ్బు కావలెను. బొంబాయి శాసనసభలో 1928లో ప్రసూతి సౌకర్యముల బిల్లును సమర్థించుచు అంబేద్కరు వాదించినది ఈ డబ్బును గూర్చియే. 1929లో ఆ చట్టము వచ్చినది. ఆంగ్లదేశమున 1945లో కుటుంబభృతి ప్రవేశపెట్టినప్పుడు దానిని తండ్రి చేతికి ఇయ్యదలచగా, తల్లి చేతికే ఇయ్యవలెనని పట్టుబట్టి సాధించినది ఎలియనార్ రాత్‌బోన్ అను సభ్యురాలు.

ఇప్పుడు 'తరువాత' అను మాటకు వత్తము. 1984లో రచయిత్రి గీతా హరిహరన్ తన మైనరు కుమారుని పేర బాండ్లు కొనుటకు రిజర్వు బ్యాంకునకు దరఖాస్తు చేసెను. సంరక్షకురాలుగా తాను సంతకము చేసెను. భర్తయు దాని కంగీకరించెను. తండ్రి సంతకమైనను, తల్లియే సంరక్షకురాలను అధికారపత్రమైనను కావలెనని దరఖాస్తును త్రిప్పి పంపిరి. 1956 చట్టము తండ్రి 'తరువాత' తల్లి అనుచున్నది గదా! తండ్రి సజీవుడైయుండగా తల్లికి సంతకాధికారము లేదని అంతవరకు రూఢమైన అర్థము. ఈ విభాగము రాజ్యాంగము వాగ్దానము చేసిన సమానత్వమునకు విరుద్ధమని ఆమె సర్వోన్నత న్యాయస్థానమున వాదించినది.

1999 ఫిబ్రవరి 17న తీర్పు వెలువడినది. న్యాయస్థానము ఆ విభాగమును కొట్టివేయలేదు. మాటకు అర్థమును మార్చినది. 'తరువాత' యనగా తండ్రి జీవితకాలము ముగిసిన తరువాత యని కాదు, తండ్రి లేనిచో అని అర్థము చెప్పవలెననెను. లేకపోవుట యనగా మరణము మాత్రమే కాదు: తండ్రి బిడ్డను పట్టించుకొనకపోవుట, పరస్పరాంగీకారముతో తల్లియే భారము వహించుట, వ్యాధి మొదలగు కారణముల వలన అతడు అశక్తుడగుట, ఇవన్నియు అందు చేరును. కాలవాచకము అభావవాచకమైనది! మన వ్యాఖ్యాతలు శ్లోకములకు చేయు అన్వయములలో ఇంతకన్న సాహసమైనవి కొన్ని కలవు గాని, ఇన్ని లక్షల గృహములను స్పృశించునది అరుదు. అయినను మాట మాటగానే మిగిలినది. తల్లి ముందుకు వచ్చుటకు తండ్రి ఏదో యొక విధముగ లేకపోవలెను. ఇరువురును ఉన్నచోట ఇరువురును సమానులని చెప్పుటకు ఆ అన్వయము చాలదు. సమానాధికారము నిచ్చునట్లు చట్టమునే సవరింపవలెనని లా కమిషన్ 1989లో ఒకసారి, 2015లో మరల ఒకసారి సిఫారసు చేసినది. అదే 2015 జులైలో, బిడ్డ తండ్రి పేరు వెల్లడింపకయే, అతనికి నోటీసు పంపకయే అవివాహిత తల్లి సంరక్షకత్వమును పొందవచ్చునని సర్వోన్నత న్యాయస్థానము మరియొక తీర్పు చెప్పినది.

తెలుగువారికి ఇంకను దగ్గరి ఉదంతము 2022 నాటిది. ఆంధ్రదేశమున ఒక స్త్రీ భర్త మరణానంతరము పునర్వివాహము చేసికొని, బిడ్డకు రెండవ భర్త యింటిపేరు పెట్టినది. మొదటి భర్త తల్లిదండ్రులు ఆక్షేపించిరి. పూర్వపు ఇంటిపేరునే పునరుద్ధరింపవలెననియు, అవసరమైన పత్రములలో రెండవ భర్తను సవతితండ్రిగా పేర్కొనవలెననియు ఉన్నత న్యాయస్థానము ఆదేశించినది. సర్వోన్నత న్యాయస్థానము 2022 జులై 28న దానిని త్రోసిపుచ్చి, బిడ్డకు ఏకైక సహజ సంరక్షకురాలైన తల్లికి ఇంటిపేరు నిర్ణయించు హక్కు కలదనెను. మన ఇంటిపేరు పేరునకు ముందు నిలుచును. 'ఇల్లు' ఎవరిదన్న ప్రశ్న అందే ఇమిడియున్నది. పెండ్లియైనంతనే ఇంటిపేరు మార్చుకొనుట ఆచారముగా గల తల్లి, బిడ్డ యింటిపేరును నిర్ణయించుట తెలుగు నామవ్యవస్థలో చిన్న మార్పు కాదు.

సాహిత్యము ఈ విషయమున చట్టముకన్న ముందున్నది. తెలుగు స్త్రీవాదకవిత్వము తల్లితనమును త్రోసివేసినదను నిందకు కొండేపూడి నిర్మల 'లేబర్ రూం', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' ప్రధానలక్ష్యములైనవి. ఆ కవితలు నిరసించినవి బిడ్డను కాదు. ప్రసవవేదనను పవిత్రవర్ణనలతో కప్పిపుచ్చి, ఆ శరీరమును ఒంటరిగా వదలిన లోకమును నిరసించినవి. ఓల్గా 'విముక్త' కథలలోని రేణుక మరింత లోతునకు పోవును. భర్త ఆజ్ఞపై కొడుకే గొడ్డలి యెత్తిన తల్లి ఆమె. కనిపెంచిన బిడ్డ ఎవరివాడు అను ప్రశ్నను ఆమె సీత ముందుంచుటలో ఔచిత్యము కలదు. సీతయు లవకుశులను పెంచి తుదకు తండ్రికి అప్పగించినది గదా. వంగభాషలో మహాశ్వేతాదేవి 'స్తనదాయిని' కథ ఆర్థికకోణమును చూపును. కాళ్లు పోగొట్టుకొన్న భర్తను పోషించుటకై యశోద ధనికుల యింట పాలిచ్చు దాదియగును. పాలు నిలుచుటకై మాటిమాటికి గర్భము ధరించును. తుదకు రొమ్ము పుండుతో దిక్కులేక మరణించును. ఆమె పేరు యశోద యగుట యాదృచ్ఛికము కాదు.

ఆ కథకు నేటి తెలుగునాట ప్రతిరూపములు కలవు. కడప ప్రాంతము నుండియు గోదావరి జిల్లాల నుండియు అనేకులు గృహసేవకై కువైటు మొదలగు గల్ఫు దేశములకు పోవుచున్నారు. చదువు తక్కువైన స్త్రీలు అట్లు పోవుటకు ముప్పదియేండ్లు నిండవలెనని భారతప్రభుత్వము వయోనియమము పెట్టినది. పడుచులను మోసమునుండి కాపాడుట దాని ఉద్దేశ్యము. కాని పెండ్లిండ్లు ఇరువది దాటీదాటకముందే జరుగు పల్లెలలో ముప్పదియేండ్ల స్త్రీ అనగా బడికి పోవు బిడ్డల తల్లి. నియమము కన్యలను ఆపి తల్లులను పంపినది. అక్కడ ఆమె పరులబిడ్డలకు అన్నము పెట్టి, స్నానము చేయించి, నిద్రపుచ్చును. ఇక్కడ ఆమె బిడ్డలను అవ్వ సాకును. ఆమె పంపు సొమ్ముతో ఇల్లు లేచును, బడి జీతము చెల్లును. ఆమె బిడ్డలను విడిచిపోయినదని ఊరిలో ఒకరనవచ్చును, బిడ్డల కొరకే పోయినదని మరియొకరనవచ్చును. ఆమె ఏమి కోరినదో ఆమెనే అడిగి, ఆమె మాటలలోనే వ్రాసికొన్న రచనలు మన భాషలో మిక్కిలి తక్కువ.